కల పెద్దదైతే కాలు కదులుతుందా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా పిన్ని కూతురికి పుట్టుకతోనే వినపడదు. చిన్నప్పుడు దాన్ని మామూలు బడిలోనే వేశారు. వెనక బెంచీలో కూర్చుని, టీచరు పెదాలు కదలడం చూస్తూ, ఒక్క ముక్కా అర్థం కాక ఐదో తరగతితో చదువు ఆపేసింది. వినపడని పిల్లల కోసం ఒక మంచి బడి పెట్టాలన్న కోరిక నాకు అప్పుడే పుట్టింది. నాలుగేళ్లుగా అదే ధ్యాస. తరగతి గదుల కిటికీలు ఎటు ఉండాలో, గోడలకు ఏ రంగు వేయాలో, ప్రారంభోత్సవం నాడు నేనేం మాట్లాడాలో అన్నీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. రెండు నోటుపుస్తకాలు నిండిపోయాయి. తీరా చేసిందేమిటని చూసుకుంటే ఏమీ లేదు. మావారు 'నీ మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు' అంటారు. మా అక్కకు కలలూ గిలలూ ఏమీ లేవు, అనుకున్న పని అనుకున్నట్టు చేసుకుపోతుంది. ఈమధ్య ఒక ఉపన్యాసంలో విన్నాను. 1953లో యేల్ విశ్వవిద్యాలయంలో లక్ష్యాలు రాసిపెట్టుకున్న 3 శాతం విద్యార్థులు, ఇరవై ఏళ్ల తర్వాత మిగతా 97 శాతం మందీ కలిసి సంపాదించినదానికంటే ఎక్కువ సంపాదించారట. నేనూ రాసుకున్నాను కదా, మరి నాకెందుకు ఏమీ జరగలేదు? పెద్ద కలలు కనేవాళ్లు నిజంగా పనిలోకి దిగుతారా? ఉద్యోగం మానేస్తే తప్ప నాలో కదలిక రాదా? లేక ఈ కలలు కట్టిపెట్టి నా పని నేను చూసుకోనా?

సమాధానం: ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పెద్ద కలలు కనేవాళ్లలో పనిలోకి దిగేవాళ్లూ ఉన్నారు, కలలోనే ఉండిపోయేవాళ్లూ ఉన్నారు. అసలు కలలే లేనివాళ్లలోనూ అంతే. కల ఎంత పెద్దదో చూసి మనిషి కదులుతాడో లేదో చెప్పలేం. ఆ కలలో ఏముంది, ఏం లేదు అన్నది చూస్తే మాత్రం చాలావరకు చెప్పొచ్చు. మీ కలలో ఏం లేదో మీ ఉత్తరంలోనే తెలిసిపోతోంది. దాని దగ్గరికి వస్తాను.

అంతకుముందు ఆ యేల్ కథ సంగతి. అలాంటి అధ్యయనం జరగనే లేదు. వేదికల మీద ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు, పుస్తకాల్లో రాస్తున్నారు, కొందరు యేల్ తీసేసి హార్వర్డ్ అని కూడా చెబుతారు. దాని మూలమేమిటని వెతికినవాళ్లకు ఏమీ దొరకలేదు. తమ దగ్గర అలాంటి పరిశోధన ఏదీ జరగలేదని యేల్ వాళ్లే చెప్పారు. కాబట్టి 'రాసుకున్నా నాకు జరగలేదే' అన్న బాధ మీరు పడక్కర్లేదు. కట్టుకథతో పోల్చుకుని మిమ్మల్ని మీరు తక్కువ చేసుకున్నారు, అంతే.

నిజంగా జరిగిన పరిశోధనలు చెప్పేది వేరు. గాబ్రియేల్ ఓటింగెన్ అనే జర్మన్ మనస్తత్వవేత్త ఈ ఒక్క విషయం మీదే దశాబ్దాలు పని చేశారు. 1991లో ఆవిడ, థామస్ వాడెన్ కలిసి ప్రచురించిన అధ్యయనంలో బరువు తగ్గించే కార్యక్రమంలో చేరిన 25 మంది స్త్రీలున్నారు. మొదట్లోనే వాళ్లను రెండు సంగతులు అడిగారు. మీరు బరువు తగ్గుతారని ఎంత నమ్మకం ఉంది అన్నది ఒకటి. సన్నబడ్డాక ఎలా ఉంటుందో ఊహించుకోమంటే మీకు ఎలాంటి బొమ్మలు కనిపిస్తున్నాయి అన్నది రెండోది. ఏడాది తర్వాత చూస్తే, తగ్గగలమన్న నమ్మకం ఉన్నవాళ్లు బాగా తగ్గారు. మెరిసిపోతున్న తమ రూపాన్ని అందంగా ఊహించుకున్నవాళ్లు మాత్రం, అంత అందంగా ఊహించుకోనివాళ్లకంటే సుమారు 11 కిలోలు తక్కువ తగ్గారు. 2002లో వచ్చిన మరో పరిశోధన ఉద్యోగాల వేటలో ఉన్న పట్టభద్రుల గురించి. మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తరచుగా, హాయిగా ఊహించుకునేవాళ్లు రెండేళ్ల తర్వాత చూస్తే తక్కువ దరఖాస్తులు పెట్టారు. వాళ్లకు వచ్చిన ఉద్యోగావకాశాలూ తక్కువే, జీతాలూ తక్కువే.

ఇక్కడ నమ్మకాన్నీ ఊహనూ విడదీసి చూడాలి, ఎందుకంటే మనం రెంటినీ కలిపేసి 'పాజిటివ్ థింకింగ్' అనేస్తాం. నమ్మకం మన గతంలోంచి వస్తుంది. ఇంతకుముందు ఇలాంటివి చేశాను కాబట్టి ఇదీ చేయగలను అనిపించడం నమ్మకం. దానివల్ల మనిషి పని చేస్తాడు. ఊహకు గతంతో పని లేదు. ఏ ఆధారమూ లేకుండానే కళ్లు మూసుకుని చివరి సీన్‌లోకి వెళ్లి కూర్చోవచ్చు. అలా కూర్చున్నప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో హీథర్ కాపెస్, ఓటింగెన్ 2011లో కొలిచి చూపించారు. కోరుకున్నది అందినట్టు ఊహించుకున్నవాళ్లలో సిస్టోలిక్ రక్తపోటు, అంటే బీపీలో పై అంకె, తగ్గింది. అంటే పని అయిపోయాక సేదతీరే మనిషి ఎలా ఉంటాడో, ఇంకా మొదలే పెట్టని మనిషి శరీరమూ అలా సడలిపోయింది.

మీ ప్రారంభోత్సవ ఉపన్యాసం గురించి ఆలోచించండి. ఆ రోజును మీరు ఎన్నిసార్లు జీవించి ఉంటారు? చప్పట్లు విన్నారు. తల్లిదండ్రుల కళ్లలో నీళ్లు చూశారు. ఆ తృప్తి నిజమైనదే, మీ మనసుకు అందింది కూడా. సాయంత్రం ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన మనిషికి ఆ తృప్తి చేతికందే దూరంలో ఉన్నప్పుడు, లేచి వెళ్లి ఎవరినో కలిసి 'నాకేమీ తెలియదండీ, నేర్పుతారా' అని అడగాల్సిన అవసరం ఎందుకు కలుగుతుంది? మీరు బద్ధకస్తురాలు కారు. ఫలం ముందే అందుతోంది కాబట్టి కదలాల్సిన ఒత్తిడి పుట్టడం లేదు.

మీ అక్కగారి సంగతి ఒక మాట చెప్పి వదిలేస్తాను. ఆవిడకు కలలు లేవని మీరెలా అనుకున్నారో నాకు తెలియదు. ఆవిడ చేయబోయే పనిని ఊహించుకుంటారేమో, మీరు చేసేశాక వచ్చేదాన్ని ఊహించుకుంటున్నారేమో. 1999లో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ పరీక్షలకు ముందు కొందరు విద్యార్థుల చేత రోజూ కాసేపు మంచి మార్కులు వచ్చినట్టు ఊహింపజేశారు. ఇంకొందరి చేత తాము చదువుకుంటున్నట్టు, అంటే ఏ టేబుల్ దగ్గర కూర్చున్నారు, ఏ పాఠం తీశారు, టీవీ ఎప్పుడు ఆపేశారు అన్నవి ఊహింపజేశారు. రెండో గుంపు ఎక్కువసేపు చదివింది, మార్కులూ ఎక్కువ తెచ్చుకుంది. మార్కులనే ఊహించుకున్నవాళ్లు చదవడం తగ్గించేశారు. ఇద్దరూ కలలు కన్నవాళ్లే. పోలిక అక్కడితో ఆపండి. అక్కాచెల్లెళ్ల మధ్య పోలికలతో ఎవరూ బాగుపడలేదు.

అలాగని పెద్ద కల పెట్టుకోవడమే తప్పని నేననను. ఆ మాట నమ్మితే మీకు అన్యాయం జరుగుతుంది. రాబర్ట్ గాడర్డ్ అనే కుర్రాడు 17 ఏళ్ల వయసులో, 1899 అక్టోబర్ 19న, కొమ్మలు కొట్టడానికి చెర్రీ చెట్టెక్కి అంగారక గ్రహానికి వెళ్లే యంత్రం గురించి కల కన్నాడు. అంతకన్నా పెద్ద కల ఏముంటుంది? చెట్టు దిగేసరికి తాను వేరే మనిషినైపోయానని తర్వాత రాసుకున్నాడు. జీవితాంతం ఆ తేదీని పండుగలా గుర్తుంచుకున్నాడు. 1926 మార్చి 16న ఆయన వదిలిన మొట్టమొదటి ద్రవ ఇంధన రాకెట్ రెండున్నర సెకన్లు ఎగిరి, సుమారు 12 మీటర్ల ఎత్తుకు లేచి, ఒక క్యాబేజీ తోటలో పడింది. అంగారకుడి కోసం బయల్దేరిన మనిషి 26 ఏళ్ల తర్వాత 12 మీటర్లు లేచాడు! దాన్ని ఓటమి అనుకోకుండా ఆయన మర్నాడు డైరీలో జాగ్రత్తగా రాసుకున్నాడు. కల పెద్దదిగా ఉండటం ఆయనకు అడ్డు రాలేదు. ఇంధనం ఎలా మండుతుంది, నాజిల్ ఎందుకు కరిగిపోతోంది అన్న ప్రశ్నలు ఆ కలలోనే ఉన్నాయి కాబట్టి.

మీ కలకు మరీ దగ్గరగా ఉన్న మనిషి ఇంకొకాయన ఉన్నాడు. ఆయన గురించి వివరంగా చెప్పాలి. థామస్ గాలడెట్ అని, అమెరికాలో మతబోధకుడు కావాలని చదువుకున్న యువకుడు. 1814లో హార్ట్‌ఫర్డ్‌లో తమ ఇంటి పక్కన పిల్లలందరూ ఆడుకుంటుంటే ఒక్క పిల్ల విడిగా నిలబడి ఉండటం చూశాడు. పేరు ఆలిస్ కాగ్స్‌వెల్. రెండేళ్లప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. అప్పటికి ఆ పిల్లకు తొమ్మిదేళ్లు కావొస్తున్నాయి, అక్షరం రాదు. గాలడెట్ తన టోపీ చూపించి, ఆ మాటను పుల్లతో మట్టిలో రాశాడని చెబుతారు. రాసిన గీతలకూ టోపీకీ సంబంధం ఉందని ఆ పిల్లకు తట్టింది. బడి అన్న ఆలోచన అప్పటికి ఆయనకు లేదు. ఉన్నది ఒక పిల్ల, ఒక టోపీ.

ఆ పిల్ల తండ్రి డాక్టరు. ఆయనా, ఊరి పెద్దలూ చందాలు వేసుకుని, వినపడని పిల్లలకు చదువెలా చెబుతారో నేర్చుకు రమ్మని 1815లో గాలడెట్‌ను యూరప్ పంపారు. బ్రిటన్‌లో ఆ విద్య ఒక కుటుంబం చేతిలో ఉండేది. వాళ్లు నేర్పడానికి పెట్టిన షరతులు ఏమిటంటే, మా దగ్గర ఏళ్ల తరబడి సహాయకుడిగా పని చేయాలి, మా పద్ధతి గుట్టుగా ఉంచాలి. గాలడెట్ ఒప్పుకోలేదు. నెలల తరబడి అక్కడే ఇరుక్కుపోయాడు. చూడండి, ఈ అడ్డంకి ఇంట్లో కూర్చుని కలలు కంటే ఎప్పటికీ కనిపించదు. గడప దాటిన మనిషికే అది ఎదురైంది. ఎదురైంది కాబట్టే ఆయన దారి మార్చాడు. లండన్‌లో తారసపడిన ఫ్రెంచ్ బధిర పాఠశాల వాళ్లతో పరిచయం పెంచుకుని పారిస్ వెళ్లాడు. సైగల భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు లోరాన్ క్లెర్క్ అనే అక్కడి ఉపాధ్యాయుణ్ణి తనతో రమ్మని ఒప్పించాడు. క్లెర్క్‌కు వినపడదు. 1816లో వాళ్ల ఓడ ప్రయాణం 52 రోజులు పట్టింది. ఆ 52 రోజులూ క్లెర్క్ గాలడెట్‌కు సైగలు నేర్పాడు, గాలడెట్ క్లెర్క్‌కు ఇంగ్లిష్ నేర్పాడు. 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరిచారు. మొదటిరోజు ఉన్న విద్యార్థులు ఏడుగురు. అందులో ఆలిస్ ఒకతి. దేశంలో మిగతా చోట్ల తర్వాత వచ్చిన బధిర పాఠశాలలు చాలావాటికి ఉపాధ్యాయులు అక్కడినుంచే వెళ్లారు. క్లెర్క్ నలభై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాడు. వినపడని పిల్లలు తమలాంటి మనిషే టీచరుగా నిలబడటం చూస్తూ పెరిగారు.

ఇప్పుడు మీ ఉత్తరంలోకి వస్తాను. రెండుసార్లు చదివాను. కిటికీలున్నాయి, రంగులున్నాయి, ఉపన్యాసం ఉంది, మీవారున్నారు, అక్క ఉంది. మీ చెల్లెలు, అంటే మీ పిన్నిగారి అమ్మాయి, ఐదో తరగతి దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైంది? ఇప్పుడెక్కడుంది, ఏం చేస్తోంది, మీతో ఎలా మాట్లాడుతుంది? సైగల భాష నేర్చుకుందా, లేక ఇంట్లోవాళ్లు అలవాటు చేసిన నాలుగు సైగలతోనే నెట్టుకొస్తోందా? మీ బడి గురించి ఆమెకు తెలుసా? ఒక్క వాక్యం లేదు. నాలుగేళ్లుగా ఆ అమ్మాయి కోసం బడి కడుతున్న మీరు, ఆ బడి ఎలా ఉండాలని ఆ అమ్మాయిని అడిగినట్టు ఎక్కడా కనిపించలేదు. మిమ్మల్ని నొప్పించాలని అనడం లేదమ్మా. మీ కలలో ఏం లేదో చెబుతానన్నాను కదా, అది ఇదే. కల మొత్తం మీ చుట్టూ ఉంది. ఆ పిల్లలు ప్రేక్షకుల్లో ఉన్నారు.

ఇది మీ ఒక్కరి సంగతి కాదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు గురించి అంతర్జాతీయ సభ జరిగింది. వచ్చిన 164 మంది ప్రతినిధుల్లో వినపడని మనిషి ఒక్కడే. సైగల భాష కంటే నోటితో పలికించి నేర్పడమే గొప్పదని ఆ సభ తీర్మానించింది. దాని ఫలితంగా ఎన్నో దేశాల బళ్లలో సైగలను నిషేధించారు, బధిరులైన టీచర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, తరాల తరబడి పిల్లలు అర్థంకాని పాఠాల ముందు కూర్చున్నారు. 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే సభల పరంపర ఆ తీర్మానాలు చేసిన హానికి విచారం వ్యక్తం చేసింది. 130 ఏళ్లు పట్టింది. మిలాన్‌కు వచ్చినవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కారు, ఆ పిల్లల బాగు గురించి పెద్దపెద్ద కలలు ఉన్నవాళ్లే. ఎవరి కోసం కల కంటున్నామో వాళ్లను అడక్కుండా పనిలోకి దిగితే ఏమవుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది. అందుకే 'ఏదో ఒకటి చేసెయ్యండి' అని మీకు సలహా ఇవ్వలేను. చేయకపోవడం ఒక సమస్య అయితే, ఎవరినీ కలవకుండా చేసెయ్యడం ఇంకా పెద్ద సమస్య.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లడం. అనుకోగానే వెళ్లలేరు, నాకు తెలుసు. ఇన్నాళ్లూ ఎందుకు వెళ్లలేదో ముందు నిజాయితీగా ఆలోచించుకోండి. ఓటింగెన్ చెప్పే పద్ధతి కూడా ఇదే. కోరుకున్నదాన్ని కాసేపు నిండుగా ఊహించుకోవాలి, వెంటనే, అదే కూర్చోవడంలో, నన్ను లోపలి నుంచి ఆపుతున్నది ఏమిటని అడగాలి. డబ్బు లేదు, టైము లేదు అని బయటి కారణాలు వస్తాయి. వాటిని దాటి ఇంకొంచెం లోపలికి వెళ్లాలి. మీ విషయంలో నా ఊహ చెబుతాను, తప్పైతే కొట్టిపారేయండి. లెక్కల్లో మీరు ఆరితేరినవారు. సైగల భాష ముందు మీ చేతులు తడబడతాయి. ఒక పదేళ్ల పిల్లాడు చకచకా చేతులు కదిపి ఏదో అడుగుతాడు, మీకు అర్థం కాదు. అంటే మీ చెల్లెలు ఆ తరగతిలో ఎలా కూర్చుందో, వాళ్ల మధ్య మీరూ అలా కూర్చోవాలి. లేదా ఇంకో భయం. మీరు వెళ్లి బడి గురించి చెబితే ఆ అమ్మాయి 'ఇన్నేళ్లు నాతో ఒక్క మాట మాట్లాడలేదు, ఇప్పుడు బడా' అన్నట్టు చూస్తుందేమోనని. ఈ రెండింటిలో ఏదున్నా సిగ్గుపడక్కర్లేదు. అడ్డంకికి పేరు దొరికితే సగం పని అయినట్టే, ఎందుకంటే అప్పుడు దానికి మందు ఆలోచించొచ్చు.

మందు చాలా చిన్నది. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1997లో చూపించింది ఇది. సెలవుల్లోకి వెళ్తున్న విద్యార్థులను క్రిస్మస్ ముందు రాత్రి ఎలా గడిపారో 48 గంటల్లోగా రాసి పంపమన్నారు. కొందరికి మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకోమన్నారు. అలా నిర్ణయించుకున్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది గడువులోగా రాశారు. మిగతావాళ్లలో రాసింది మూడో వంతు మందే. అందరికీ రాయాలనే ఉంది, తేడా అంతా ఒక్క వాక్యంలో ఉంది. 2006 నాటికి ఇలాంటి పరీక్షలు 94 జరిగితే వాటన్నిటినీ కలిపి చూసి, ఈ చిన్న పద్ధతి బాగానే పని చేస్తుందని తేల్చారు. మీ వాక్యం ఇలా ఉండొచ్చు: 'శనివారం ఉదయం పది గంటలకు పిన్నికి ఫోన్ చేసి, ఆదివారం వస్తున్నానని చెబుతాను. వద్దులే అనిపిస్తే, ఆ అనిపించిన క్షణంలోనే నంబరు నొక్కుతాను.' రెండో సగం వదిలేయకండి. అడ్డంకి వచ్చినప్పుడు ఏం చేయాలో అందులోనే ఉంది.

వెళ్లాక బడి గురించి మాట్లాడకండి. మొదటిసారి అసలు వద్దు. ఆ అమ్మాయి పక్కన కూర్చోండి. రోజూ ఏం చేస్తుందో తెలుసుకోండి. రాయడం వస్తే కాగితం మీద, రాకపోతే సైగలతో, పిన్నిని మధ్యవర్తిగా పెట్టుకుని. బహుశా పిన్నే అన్నిటికీ తానే జవాబులు చెప్పేస్తుంది. వినపడనివాళ్ల ఇళ్లలో అది చాలా మామూలు. అప్పుడు ఓపికగా మళ్లీ ఆ అమ్మాయి వైపే తిరగండి. బడిలో ఆ ఐదేళ్లూ ఎలా గడిచాయన్నది రెండో మూడో కలయికలో అడగొచ్చు. 'టీచరు బోర్డు వైపు తిరిగి మాట్లాడేది, నాకు పెదాలు కూడా కనిపించేవి కావు' అని చెప్పిందనుకోండి, ఆ ఒక్క మాటతో మీ తరగతి గదిలో బెంచీలు ఎలా వేయాలో తెలిసిపోతుంది. సైగలతో మాట్లాడేవాళ్లకు ఒకరి ముఖం, చేతులు ఒకరికి కనపడాలి కాబట్టి అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు. వెలుతురు టీచరు వెనక నుంచి వస్తే ముఖం నీడలో పడి ఏమీ కనిపించదు. మీరు నాలుగేళ్లుగా గీస్తున్న కిటికీలు ఎటుండాలో చెప్పగలిగింది ఆ అమ్మాయే. రేపు మీ బడికి క్లెర్క్ కాగలిగింది కూడా ఆ అమ్మాయేనేమో. అది ఆమె ఇష్టం. అడగడం వరకే మీ వంతు.

దాంతోపాటు సైగల భాష నేర్చుకోవడం మొదలుపెట్టండి, వీలైతే వినపడని టీచరు దగ్గర. వారానికి రెండు రోజులు చాలు. త్వరగా వచ్చేస్తుందని అనుకోవద్దు. అది ఒక పూర్తి భాష, దాని వ్యాకరణం దానిది. చేతులతోపాటు కనుబొమలు, భుజాలు, చూపు కూడా మాట్లాడతాయి. ఎంతకాలం పడుతుందని మీరు వేసుకునే లెక్క ఎలాగూ తప్పుతుంది. 1994లో ఒక పరిశోధనలో సిద్ధాంత వ్యాసం పూర్తి చేయడానికి విద్యార్థులు సగటున 34 రోజులు పడుతుందనుకుంటే 55 రోజులకు పైగా పట్టింది. ఆలస్యమైతే 'నావల్ల కాదు' అనుకోకుండా, 'లెక్క తప్పింది' అనుకోండి. అకౌంట్స్ చూసేవారు, లెక్క తప్పితే సరిచేసుకోవడం మీకు నేను చెప్పాలా?

మీవారి మాట. ఆయన అన్నది మీకు గుచ్చుకుంది, గుచ్చుకోవడం సహజం. నాలుగేళ్లుగా వింటున్న మనిషి విసుగు అది. దాన్ని వాదించి గెలవలేరు. ఇంకొక సంగతి కూడా ఉంది. గోల్‌విట్జర్ బృందమే 2009లో న్యాయవిద్యార్థుల మీద చేసిన ప్రయోగాల్లో, మంచి న్యాయవాది కావడానికి బాగా చదువుతామన్న తమ సంకల్పాన్ని ఎదుటివారు గుర్తించారని తెలిసినవాళ్లు, దాన్ని తమలోనే ఉంచుకున్నవాళ్లకంటే తక్కువసేపు పని చేశారు. నేను ఫలానా మనిషిని అని నలుగురూ ఒప్పుకుంటే, ఫలానా పని చేయాల్సిన తొందర తగ్గిపోతుంది. కాబట్టి కొన్నాళ్లు బడి గురించి ఇంట్లో చెప్పడం ఆపేయండి. అలిగి కాదు. చెప్పాల్సింది ఉంటే పని గురించి చెప్పండి: 'మంగళ, గురువారాల్లో సాయంత్రం గంటన్నర క్లాసుకు వెళ్తున్నాను, ఆ టైములో పిల్లల్నో వంటనో మీరు చూసుకోవాలి.' అలా అడిగితే ఆయనకూ మీకు సాయపడే వీలు దొరుకుతుంది. ఇన్నాళ్లూ ఆయనకు మీరిచ్చింది ప్రేక్షకుడి పాత్రే కదా.

కలలు కట్టిపెట్టాలా అని అడిగారు. కట్టిపెట్టొద్దు. కానీ వాటిని ఎందుకు కంటున్నారో గమనించుకోండి. ఆఫీసులో చికాకు పడిన రోజున ఆ బడిలోకి వెళ్లి కాసేపు ఉంటే మనసు తేలికపడుతుంది, అందులో పాపం లేదు. 2016లో ఓటింగెన్ బృందం ప్రచురించిన పనిలో, అందమైన ఊహలు కనేవాళ్లకు ఆ సమయంలో దిగులు తక్కువగా ఉన్నా, కొంతకాలం తర్వాత ఎక్కువైనట్టు కనిపించింది. వాళ్లు చేసే ప్రయత్నం తగ్గడం అందుకు ఒక కారణం. మీ ఉత్తరంలో నాకు వినిపించిన నిస్పృహ అలాంటిదే అనుకుంటున్నాను. అది కల వల్ల వచ్చిన దిగులు కాదు, కలకూ మీకూ మధ్య ఏమీ జరగకపోవడం వల్ల వచ్చింది.

ఇంకొక అవకాశం కూడా మనసులో పెట్టుకోండి. నాలుగు నెలలు ఆ అమ్మాయితో గడిపి, సైగలు కొంత నేర్చుకుని, ఇప్పటికే నడుస్తున్న ఒక బధిర పాఠశాలకు వెళ్లి వెనక బెంచీలో కూర్చుని చూశాక, బడి పెట్టడం మీ పని కాదని మీకే తెలియొచ్చు. వాళ్లకు కొత్త బడి కంటే ఇప్పుడున్న బడికి మంచి లెక్కలు రాసే మనిషి ఎక్కువ అవసరమై ఉండొచ్చు. విరాళాలు వచ్చే సంస్థల్లో పద్దులు సరిగ్గా లేక ఆగిపోయే పనులు ఎన్నో. లేదా పదేళ్ల పిల్లలకు లెక్కలు చెప్పడంలోనే మీకు ఆనందం దొరకొచ్చు. అడ్డంకిని ఎదురుగా పెట్టుకుని చూసే పద్ధతి వల్ల రెండో మేలు కూడా ఉంది. నెరవేరని కలను బాధ లేకుండా వదులుకోవడం కూడా దానితోనే సాధ్యమవుతుంది. వదులుకుంటే ఓడిపోయినట్టు అనుకోవద్దు. వెళ్లి చూసి వదులుకోవడం వేరు, వెళ్లకుండా మోస్తూ ఉండటం వేరు.

చివరిగా ఉద్యోగం సంగతి. ఇప్పుడు మానొద్దు. కదలిక రావడానికి ఉద్యోగం మానాలనుకోవడం కూడా అదే చివరి సీన్ మీద మోజు. నాటకీయంగా ఉంటుంది, నలుగురూ చూస్తారు, మర్నాడు పొద్దున్న మాత్రం చేయాల్సింది అదే ఫోను. గాడర్డ్ తన రాకెట్ ఎగిరేనాటికి కాలేజీలో భౌతికశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూనే ఉన్నాడు. మీ జీతం మీకు తొందరపడకుండా నేర్చుకునే వెసులుబాటు ఇస్తుంది, చందాల కోసం ఎవరి షరతులకో తలొగ్గాల్సిన అవసరం లేకుండా చేస్తుంది. వారంలో రెండు సాయంత్రాలు, ఒక ఆదివారం చాలనంతకాలం ఉద్యోగం చేసుకోండి. చాలని రోజు వస్తే, అంటే నేర్చుకున్నది చేతుల్లో ఉండి, మీ కోసం ఎదురుచూసే పిల్లలు నిజంగా ఉండి, సమయం ఒక్కటే తక్కువైతే, అప్పుడు నాకు మళ్లీ రాయండి. ఇంటి ఖర్చులు, చేతిలో ఉన్న పొదుపు, ఎన్ని నెలలు గడుస్తుందన్న లెక్క కూడా జతచేసి పంపండి. ఉద్యోగం మానాలా వద్దా అన్నది ఆ లెక్క ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. ఆ అమ్మాయి ఏమందో కూడా తప్పకుండా రాయండి.